ఫాల్ గుడ్డ మీద చార్మినార్

ఛత్రినాకలో మహేశ్వరి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. "ఫాల్స్ పీకో ఆమెనా? లక్ష్మీకాంతమ్మ ఇంటెన్క రేకుల అర్ర" అంటారు. ఒకటే గది. కుట్టుమిషను ఒక గోడను తినేసింది. బీరువా, బియ్యం డబ్బా ఇంకో గోడను తినేశాయి. మూడో గోడకు తలుపు, దాని పక్కనే గ్యాసు పొయ్యి. నాలుగో గోడ నిండా మేకులు, మేకులకు హ్యాంగర్లు, హ్యాంగర్లకు ఎవరెవరివో చీరలు. ఆ చీరల కింద మంచం. రాత్రంతా డీసీఎం వ్యాను నడిపి వచ్చిన భర్త ప్రేమ్‌రాజ్ పగలంతా ఆ మంచం మీద నిద్రపోతాడు. మంచానికీ మిషనుకూ మధ్య మిగిలిన జాగాలో రెండేళ్లుగా ఒక బడి నడుస్తోంది. చదివేవాళ్లు ఇద్దరు. పదేళ్ల ఇంద్రజ, ఏడేళ్ల పింటూ.

ఇదే నగరానికి పడమటి దిక్కున, లిఫ్టులున్న ఇళ్లలో, పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునేవాళ్లున్నారు. దానికి హోమ్ స్కూలింగ్ అని పేరు. దానికోసం ఒక గది కేటాయిస్తారట, గోడల నిండా పటాలు వేలాడదీస్తారట. మహేశ్వరికి ఆ పేరు తెలియదు. ఆమె పిల్లలు ఇంట్లో చదువుకోవాలని ఎవరూ నిర్ణయించలేదు. బడి పోయింది కాబట్టి ఇంట్లో ఉన్నారు.

అది టెంట్‌హౌస్ గోదాము పైన రెండంతస్తుల్లో నడిచే ఇంగ్లీషు మీడియం బడి. దసరా సెలవులు అయిపోయి వెళ్లేసరికి గేటుకు తాళం. యజమాని ఫోను స్విచాఫ్. హాజరు పట్టీలు, మార్కులు, టీసీలు అన్నీ ఆ తాళం వెనకే ఉండిపోయాయి. అప్పుడు ఇంద్రజ మూడో తరగతి. వేరే ప్రైవేటు బడులు టీసీ లేకుండా గేటు కూడా తీయలేదు. దగ్గర్లోని సర్కారు బడి, టీసీ తెచ్చుకుని వచ్చే జూన్‌లో రమ్మంది. జూన్ వచ్చేసరికి ఆ బడినే ఎత్తేసి మురుగు నాలా అవతలి బడిలో కలిపేశారు. టీసీ లేదన్న సాకుతో ఏ సర్కారు బడీ పిల్లల్ని వెనక్కి పంపకూడదని ఈ దేశంలో ఒక చట్టం ఉంది. దాని సంగతి మహేశ్వరికి ఎవరూ చెప్పలేదు. చెప్పడం తన పని అని ఎవరూ అనుకోలేదు కూడా.

ఆమె ఇంటర్ తప్పింది. అయినా పిల్లలు వీధుల పాలు కాకూడదని ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలు తెచ్చింది. పొద్దున వంట కాగానే మిషను ముందు కూర్చుని, ఒక చెవి పిల్లల మీద, ఒక కన్ను కుట్టు మీద పెట్టి చదివించేది. లెక్కలు నడిచాయి. తెలుగు నడిచింది. చరిత్ర దగ్గరే చిక్కొచ్చింది.

"అమ్మా, డైనోసార్ ముంగటనా, చార్మినార్ ముంగటనా?" అని పింటూ అడిగాడు ఒకరోజు.

"డైనోసారేరా."

"మరి నానమ్మ?"

"నానమ్మ గిప్పటి మనిషేగా!"

"గాంధీతాత చార్మినార్ ఎక్కిండా?"

"గాంధీతాతకు గాడేం పనిరా, పాగల్!" అని ఇంద్రజ నవ్వింది. నవ్విందే గానీ ఎవరు ముందో ఎవరు తర్వాతో ఆమెకూ సరిగ్గా తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లు పాత సంగతి ఏది చెప్పినా "ఎన్కట" అనే మొదలుపెడతారు. మూసీకి వరద ఎన్కట వచ్చింది. నిజాం ఎన్కట ఉండె. బాపు బైకు మీంచి పడ్డది కూడా ఎన్కటే.

సంవత్సరాలను వరసగా ఒక గీత మీద గుర్తు పెట్టి గోడకు అంటించుకోండి అని ఇంద్రజ పాత సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉంది. ఆ ఇంట్లో ఖాళీ గోడ జానెడు లేదు. ఉన్నా ఇంటి ఓనరు లక్ష్మీకాంతమ్మ సున్నం మీద కాగితం అంటించనివ్వదు. మహేశ్వరి మిషను కింది సంచిలోంచి ఫాల్ గుడ్డలు తీసింది. కుచ్చిళ్లు నిటారుగా నిలబడటానికి చీర అడుగున లోపలివైపు వేసే పట్టీలవి. బెత్తెడు వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు. ఏ చీరకూ నప్పక మిగిలిపోయిన మెంతిరంగువి కొన్నుంటే, వాటిని కొసకు కొస కలిపి కుట్టింది. చుట్టేస్తే గుప్పిట్లో పడుతుంది. విప్పితే గల్లీ పొడవు.

జానెడుకు నూరేళ్లు అని లెక్క పెట్టుకున్నారు. మొదట పింటూ జానతో కొలిస్తే చార్మినార్ మరీ దగ్గరకొచ్చేసింది. "నీ జాన వద్దు, అమ్మ జాన పట్టు" అని అక్క చెరిపేసింది. స్కెచ్ పెన్నుతో రాస్తే రంగు గుడ్డంతా పాకింది. అందుకని సూదీదారం పట్టారు. మహేశ్వరి కూతురి పక్కన కూర్చుని చేతికుట్టు నేర్పింది.

"చీరకైతే కుట్టు పైకి కనవడొద్దు. ఒక్క పోగు పట్టుకొని సూది తియ్యాలె. దీనికి కనవడాలె. గట్టిగ పొడువు."

చార్మినార్‌కు నాలుగు ఎర్ర కుట్లు. 1908 మూసీ వరదకు నీలం అల. 1948కి, 2014కి వేరేవేరే రంగులు. 2020 దగ్గర పెద్ద పేచీ వచ్చింది. లాక్‌డౌనూ ఆ ఏడే, ఈ గదిలోకి నడుముల్లోతు నీళ్లొచ్చిందీ ఆ ఏడే. ఒక ఏడాదికి వచ్చే జాగా సూది మొన పట్టేంత. రెండు కుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"నేను పుట్టినకాడినుంచి గింతేనా?" అని ఇంద్రజ బొటనవేలు ఆనించి చూసుకుంది.

గదిలో పరిస్తే సగం కూడా పట్టదు కాబట్టి, బాపు నిద్రపోతున్నప్పుడు గల్లీలో పరిచేవారు. ఒకరోజు లక్ష్మీకాంతమ్మ మెట్ల మీంచి చూసింది. వాళ్లది తరతరాల కిరాణా వ్యాపారం. ఆమెకు తెలియకుండా ఆ గల్లీలో ఆకు కదలదు.

"ఏందే మహేశ్వరీ, గల్లీ పొడుగూత ఆరేసినవ్?"

"చరిత్ర, అమ్మమ్మా," అన్నాడు పింటూ.

"ఎవ్వనిదిరా?"

"అందర్ది."

"అందర్దయితే మా మామగారి దుకాణమేది మరి? మొఘల్‌పురల ఫస్టు కిరాణం మాదే. కుట్టుండ్రి."

ఇంద్రజ నిజంగానే సూదిలోకి దారం ఎక్కించింది. "ఏ సంవత్సరం అమ్మమ్మా?"

"సంవత్సరం నాకేమెర్కనే! ఎన్కట."

పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఇంతలో బైకు మీద వచ్చినాయన హారన్ కొట్టాడు. "ఓ అమ్మా, జర హటావో!"

"భాయ్, నిజాంను తొక్కకు!" అని పింటూ అరిచాడు. ఆయన నవ్వి, బండి దిగి, గోడవారగా నెట్టుకుంటూ పోయాడు.

డైనోసార్ ఎక్కడ కుట్టాలని పింటూ పట్టు వదల్లేదు. సాయంత్రం ప్రేమ్‌రాజ్ లేచాక ఇంద్రజ వేళ్ల మీద లెక్కేసి చెప్పింది. "బాపు, ఆరున్నర కోట్ల ఏండ్లంటే మన ఫాలు నూటముప్పై కిలోమీటర్లు గావాలె."

"గట్లయితే సూర్యాపేట. రాత్రి గాడికే లోడు దింపొచ్చిన. డైనోసార్ గిట్ల కనవడలే మరి," అన్నాడు ప్రేమ్‌రాజ్ టీ తాగుతూ.

ఆ గదిలో నవ్వు వినిపించిన రోజులవే.

శ్రావణం వచ్చింది. పెళ్లిళ్ల చీరలు మంచం మీద గుట్టపడ్డాయి. మహేశ్వరి కళ్లు మంటలు. ఇంద్రజ చేయి అప్పటికే కుదిరింది. "అమ్మా, నేను జర పట్టనా?" అంది. మొదట ఒక నూలు చీర. తర్వాత సిల్కు. పైకి కుట్టు కనబడకుండా ఒక్క పోగు పట్టి సూది తీయడం ఆ పిల్లకు తల్లి కన్నా బాగా వచ్చింది. అది చదువులోంచి వచ్చిన విద్యే. చదువును ఎప్పుడు పక్కకు నెట్టిందో మహేశ్వరి గమనించలేదని అనలేను. గమనించింది. సూది లాక్కోవడానికి మాత్రం ఆమెకు ఇంకో జత చేతుల్లేవు.

మళ్లీ జూన్ వచ్చింది. ఈసారి వదలొద్దనుకుంది. వయసు ప్రకారం ఇంద్రజ ఐదో తరగతిలో కూర్చోవాలి. ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడు హైస్కూలు గడప దగ్గరే ఆగిపోతుంది. మహేశ్వరి ఇద్దరికీ తలలు దువ్వి, మెంతిరంగు చుట్టను చేతిసంచిలో పెట్టుకుని, నాలా అవతల సర్కారు బడికి తీసుకెళ్లింది.

ఆ బడి సంగతి కూడా చెప్పాలి. రెండు బడులు కలిపిన బడి. ఐదు తరగతులకు రెండు గదులు, ఇద్దరు టీచర్లు. ఒక టీచరు ఏదో సర్వేకు పోయింది. హెడ్‌మిస్ట్రెస్ ఒక్కతే రెండు గదులకూ మధ్య తలుపులో కుర్చీ వేసుకుని కూర్చుంది. గొంతు బొంగురుపోయింది. చెడ్డమనిషి కాదు. ఇంద్రజ చేత తెలుగు చదివించింది, భాగారం చేయించింది.

"మంచిగనే చదువుతున్నదమ్మా. కానీ రెండేండ్లు ఏడ చదివినట్టు?"

"ఇంట్ల చదివించిన మేడం. చూడుండ్రి, పిల్ల తయారుచేసింది," అని మహేశ్వరి చుట్ట తీసి ఇచ్చింది.

ఆ తలుపులో దాన్ని పరిచే చోటు లేదు. హెడ్‌మిస్ట్రెస్ కొస మాత్రం విప్పింది. చార్మినార్ నాలుగు కుట్లు కనబడ్డాయి. కుట్టు తెలిసిన ఆడమనిషి కాబట్టి గుడ్డను వెనక్కి తిప్పి చూసింది.

"ఇది నువ్వే కుట్టినవా బిడ్డా?"

"ఔ మేడం."

"మిషన్ మీదనా?"

"కాదు మేడం, చేత్తోని."

"ఏదీ, వేళ్లు చూపియ్యి." ఇంద్రజ చేయి చాపింది. చూపుడువేలు కొసన సూది పోట్లు గట్టిపడి ఉన్నాయి. "చీరలకు కూడా కుడతవా?"

ఎంతో కాలానికి ఒక పెద్దమనిషి తన పని గురించి అడిగింది. పిల్ల ముఖం వెలిగింది. "పట్టుచీరకు గూడ కుడత మేడం. మా అమ్మ కంటే సాఫ్ వస్తది. పెండ్లిళ్ల టైముల అన్నీ నేనే కుట్టిన."

మహేశ్వరి చేయి కూతురి భుజం మీద బిగుసుకుంది. అప్పటికే మాట బయటపడింది.

హెడ్‌మిస్ట్రెస్ గుడ్డను మెల్లగా చుట్టి ఇచ్చేసింది. "ఏందమ్మా ఇది? పిల్లను పనిల వెట్టినవా?"

"పని కాదు మేడం, చదువే. గా గుడ్డ మొత్తం విప్పి చూడుండ్రి, ఐదువేల ఏండ్లది ఉన్నది..."

"నేను చూస్తనమ్మా. పైవోళ్లు చూస్తరా? పనిచేసే పిల్లని తెలిసినంక నేరుగా ఐదుల కూసోవెడితే రేపు నన్నడుగుతరు. యాకుత్‌పురల బడి మానిన పిల్లల సెంటరున్నది, గాడ ట్రైనింగయినంక తీసుకుంట. బాబును రెండోదాంట్ల రాసుకుంట, రేపటినుంచి పంపు."

బడి మానిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడ్డ చదువు చెప్పించే బాధ్యత సర్కారుదే. చట్టం చెప్పేది ఇదే. పనిలో ఉన్న పిల్లకైతే ఇంకా ముందుగా తలుపు తెరవాలి. ఇక్కడ పనిలో ఉందన్నదే తలుపు మూయడానికి కారణమైంది. తాళం వేసుకుని పోయిన యజమానిని ఎవరూ అడగలేదు. బడులను ఎత్తేసిన అధికారిని ఎవరూ అడగలేదు. లెక్క చెప్పాల్సివచ్చింది పదేళ్ల పిల్ల వేలికొస.

పింటూ బడికి పోతున్నాడు. ఇంద్రజను తీసుకుని మహేశ్వరి యాకుత్‌పురా వెళ్లింది. సెంటరు ఒక కమ్యూనిటీ హాలు వెనక గది. తాళం. పక్క చాయ్ బండి అతను, "టీచరమ్మ మానేసింది అక్కా, చాన్నాళ్లాయె. కొత్తామె వస్తదంటున్రు," అన్నాడు. మళ్లీ వారం వెళ్లారు. అదే తాళం. తలుపు సందులోంచి ఇంద్రజ లోపలికి చూసింది. బోర్డు మీద ఎవరో సగం రాసి వదిలేసిన ఎక్కం ఉంది.

"ఇంకోసారి పోదాం బిడ్డా," అంది మహేశ్వరి ఆ తర్వాతి వారం.

"నువ్ పోయి చూసి రా. లక్ష్మీకాంతమ్మ కోడలి చీర రేపటికియ్యాలె," అంది ఇంద్రజ.

"చీర నేను జూస్కుంట. నువ్ లే."

"నీ కండ్లు మండుతున్నయ్ గదనే. పో అమ్మా, లేటయితది."

ప్రేమ్‌రాజ్ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోవడం లేదని భార్యకు తెలుసు.

మహేశ్వరి ఒక్కతే వెళ్లింది. తాళం ఉంది. చాయ్ బండి అతను చేయి అడ్డంగా ఊపాడు. వచ్చేసరికి లక్ష్మీకాంతమ్మ గుమ్మంలో నిలబడి చీర అంచు తిప్పి తిప్పి చూస్తోంది. "మస్తు చెయ్యే నీ బిడ్డది! ఫికర్ జెయ్యకు, నాలుగిండ్లల్ల నేను జెప్త," అంది. మంచి మనసుతోనే అంది. మహేశ్వరి తల ఊపింది.

ఇంద్రజ తల్లి ముఖంలోకి చూడలేదు. తీసిన్రా అని అడగలేదు. అడుగుతుందేమోనని, ఏం చెప్పాలో దారి పొడవునా కూర్చుకున్న మాటలు మహేశ్వరికి అక్కర్లేకపోయాయి.

"అమ్మా, గులాబీ దారం ఒడిసిపోయింది," అంది పిల్ల. "రేపు బజారుకు వోతే రెండు రీళ్లు తే."