ఆ నెల చీటీ పాట

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో సింగపూర్ వచ్చి యూ టీ అనే పేటలో కాపురం పెట్టాం. మా బ్లాకు తెలుగు ఆడవాళ్లం నెలనెలా చీటీ పాడుకునేవాళ్లం. ఎవరు ఎక్కువ వదులుకుంటే చీటీ వాళ్లదే కాబట్టి ఆ పూట ఇల్లు చేపల బజారే!

ఇంతలో మావారి ఉద్యోగం పోయింది. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఆయన రోజూ టై కట్టుకుని ఆఫీసులుండే రాఫెల్స్ ప్లేస్‌కి వెళ్తున్నట్టే బయల్దేరేవారు. అద్దె కట్టాలంటే ఆ నెల చీటీ నాకే రావాలి. ఎంతైనా వదులుకుందామని తెగించి, చున్నీ నలుపుతూ, “యాభై డాలర్లు” అని మొదలుపెట్టాను.

ఒక్కరూ పైకి పాడలేదు. అందరూ తలలు వంచుకున్నారు. సంగతి తెలిసిపోయి నాకు చీటీ ఇవ్వరేమోనని భయపడ్డాను.

“మూడోసారి! చీటీ నీదేనమ్మా,” అంది చీటీ నడిపే సరోజా ఆంటీ. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. లిఫ్టు దాకా వచ్చి మెల్లగా అంది:

“మీ ఆయన్ని రోజంతా రైలు స్టేషన్ దగ్గర బెంచీ మీద కూర్చోవద్దని చెప్పు. ఆ టైతో ఉడికిపోతున్నాడు పాపం. మధ్యాహ్నం మకాన్ టైముకి మా ఫ్లాట్‌కి రమ్మను, వేడన్నం తిని పోతాడు.”

తర్వాత ఆయనకు వేరే ఉద్యోగం దొరికింది. ఇప్పటికీ పాటలో ఎవరైనా చున్నీ నలుపుతూ కనిపిస్తే, ఆ నెల నేను నోరెత్తను.