మసాలా పట్టించింది మా అవ్వ

మా చిన్నప్పుడు... బోధన్‌లో ఆదివారం మాంసం ఇంటికి వచ్చిందంటే మధ్యాహ్నమంతా అది మా అవ్వ చేతిలోనే ఉండేది. మేం అమ్మను అవ్వ అంటాం.

ముందు ఉప్పు, పసుపు రాసి కాసేపు వదిలేది... ఊరిన నీళ్లు పిండి పారబోసేది. పెరుగును గుడ్డలో మూటగట్టి కిటికీ ఊచకు వేలాడదీసేది. గట్టిపడిన ఆ పెరుగులో అల్లం, వెల్లుల్లి, కారం, కొంచెం పచ్చి బొప్పాయి నూరి కలిపి ముక్క ముక్కకూ పట్టించేది. తడిగుడ్డ కప్పి, సాయంత్రం దాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

సాయంత్రం మా పెద్దబాపు వచ్చేవాడు. బాపుకు, అంటే నాన్నకు, అన్న. వాకిట్లో బొగ్గులు రాజేసి, ముక్కలను ఇనుప సీకులకు గుచ్చి తిప్పుతూ, చివర్లో చెరుకు రసం చిలకరించేవాడు. గుప్పున పొగ లేచేది... అరుగు మీది దోస్తులు “నీ చేతిల ఏమున్నదో గని పటేలా” అనేవారు. ఆయన కాదనేవాడు కాదు.

ఒకసారి ఎవరో కిటుకు అడిగారు.

“ఏమున్నదిరా... అంత చెరుకు రసంలనే ఉన్నది” అన్నాడు.

లోపల అవ్వ విన్నది. మళ్లీ ఆదివారం, కడిగిన మాంసాన్ని అట్లాగే గిన్నెలో పెట్టి వాకిట్లోకి తెచ్చింది.

“మసాలా ఏది లచ్చవ్వా?”

“రసం ఉన్నది కద బావా.”

దోస్తుల ముందు ఆయన వెనక్కి తగ్గలేదు. కాల్చాడు. ఒకాయన చాలాసేపు నమిలి, “పటేలా, గిది మేకనా... మేకను కట్టేసిన తాడా?” అన్నాడు. పెద్దబాపు కసాయిని తిట్టాడు. ఆపై ఆదివారం అవ్వ ఎప్పటిలాగే మసాలా పట్టించింది... పేరు ఎప్పటిలాగే ఆయనకు వచ్చింది.

పోయిన నెల ఆయన కొడుకు నిజామాబాద్‌లో కరెంటు గ్రిల్ కొని మమ్మల్ని పిలిచాడు. ‘బాపు కబాబ్’ అని చుట్టాల గ్రూపులో ముందే పెట్టాడు. పలుచని పెరుగులో చెరుకు రసం పోసి ముక్కలు నానబెట్టాడు. వేడి పలక మీద నీరు ఉడికింది... తీపి అంటుకుని మాడింది... ముక్క లోపల పచ్చిగానే ఉంది.

“మిషనే మంచిగ లేదన్నా” అన్నాడు.

“మీ బాపు కసాయిని అన్నడు. నువ్వు మిషన్‌ను అంటున్నవ్” అన్నాను.

“గిప్పుడు ఆ ముచ్చటెందుకన్నా... బాపు పోయి ఎన్నేండ్లాయె.”

“మా అవ్వ గూడ పోయింది. ఆమె పేరు మీద ఒక్క కబాబ్ లేదు.”

అతను గ్రూపులో పేరు మార్చలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను... ఆ వంట లచ్చవ్వది.

వంటల చరిత్రలు చాలానే చదివాను. నిప్పు ముందు నిలబడినవారి పేర్లే ఉంటాయి వాటిలో.

కరెంటు గ్రిల్ ఉన్నవారికి ఒక మాట. ఉప్పుకు ఊరిన నీళ్లు పిండేయండి. పెరుగు గట్టిగా ఉండాలి. పలక మీద పెట్టేముందు ముక్కను పైపైన తుడిచి నూనె రాయండి. తీపి ఏదైనా దింపే ముందే.

ఇప్పుడు పొగ లేదు... తిప్పేవాడు లేడు... ప్లగ్గు పెడితే దానంతటదే కాలుతుంది. రుచంతా ముందు పట్టించిన చేతిదే అని ఇక దాచలేరు. అది తెలిసేసరికి ఆ చేయి లేదు.

మీ ఇంట్లో పట్టించింది ఎవరు? కాల్చినవారి సంగతి తర్వాత... ముందు ఆ పేరు రాయండి.