ఇరవై రెండో ట్రేలో రాణి లేదు

దారాలక్క ఎముకలు కడిగేది. ఏం పని చేస్తావమ్మా అని ఎవరన్నా అడిగితే ఆ ఒక్క ముక్కే చెప్పి, వాళ్ళ మొహంలో రంగులు మారడం తీరిగ్గా చూస్తూ నిలబడేది. "మనుషులవేనా?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు కొందరు. "మరి? కుర్చీలకుంటాయా ఎముకలు?" అనేది.

మ్యూజియం వెనకవైపు మెట్లు దిగితే వచ్చే గదిలో ఆవిడ కొలువు. పొడుగ్గా రైలు పెట్టెలా ఉండేదా గది. గోడకు మూడు కుళాయిలు. రెండు ఎప్పుడూ కారుతుండేవి, మూడోది ఎంత తిప్పినా రాదు. పైన సన్నటి కిటికీ ఉంది గాని అందులోంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనబడేవి. ఎడమ చెప్పు మడమ బాగా అరిగి, కుడిది కొత్తగా ఉంటే, "వీడికి నడుం నొప్పి ఉండి ఉంటుంది" అనుకునేది. తిరిగినవాడి చెప్పు చూస్తే తిరిగిన తిరుగుడు తెలిసినట్టే, చేసినవాడి ఎముక చూస్తే చేసిన చాకిరీ తెలుస్తుంది. ఎముక రాయి అనుకుంటారు చాలామంది. కాదు. బతికున్నంతకాలం అది చెట్టు బెరడులాంటిది, ఎటు బరువు పడితే అటు బలుస్తుంది, ఎక్కడ రాపిడి ఉంటే అక్కడ నునుపెక్కుతుంది. జీవితమంతా తెడ్డు వేసినవాడి భుజం ఒకలా, మోకాళ్ళ మీద కూచుని తిరగలి తిప్పినదాని కాలివేళ్ళు ఒకలా తయారవుతాయి. మనిషి చచ్చాక నాలుక ముందు పోతుంది, సాక్ష్యం చెప్పడానికి ఎముక మిగులుతుంది.

ఊళ్ళో పెద్దరోడ్డు వెడల్పు చేస్తుంటే వందల ఏళ్ళనాటి సమాధుల దిబ్బ ఒకటి బయటపడింది. ముప్ఫై నలుగురు మనుషులు ముప్ఫై నాలుగు ప్లాస్టిక్ ట్రేల్లో మ్యూజియంకి వచ్చారు. దారాలక్క పని వాళ్ళని కడగడం. మెత్తటి బ్రష్షు, చల్లనీళ్ళు. పళ్ళ మీద గార గీకకూడదు, తిన్న తిండి గుర్తులు అందులోనే ఉంటాయి. మెడ దగ్గరి మట్టిని, పొట్ట దగ్గరి మట్టిని విడివిడిగా జల్లించాలి.

అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆవిడ దర్జీ కొట్లో కాజాలు కుట్టింది, బొత్తాలు వేసింది, అంచులు మడిచింది. కాజాల మిషను వచ్చింది, ఈవిడ బయటికొచ్చింది. ఇక్కడ చేరిన మొదటి వారమే చూసింది, నీళ్ళ గదిలో కాగితం చీటీలు తడిసి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మర్నాడు ఇంట్లోంచి దారపు కండెలు తెచ్చి, ఒక్కో ట్రేకి ఒక్కో రంగు కట్టింది. ఆ ట్రేలోంచి ఏది బయటికి తీసినా, పన్నయినా పూసయినా, దాని పొట్లానికీ అదే రంగు దారం కట్టాలి. రంగులు చాలకపోతే ముళ్ళు పెంచింది. దాంతో అసలు పేరు పోయి దారాలక్క మిగిలింది.

పైన ప్రయోగశాలలో ఎముకల డాక్టరమ్మ ఉండేది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, కళ్ళజోడు తలమీద పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతుక్కునే రకం. ఆవిడే ఒకనాడు ఇరవై రెండో ట్రే కడుగుతుంటే పక్కన గొంతుక్కూచుంది.

"అక్కా, ఈ చీలమండ ముందు భాగం చూడు. చిన్న పలకలా నునుపుగా లేదూ? ఇప్పుడు నువ్వు కూచున్నట్టు ఏళ్ళ తరబడి కూచుంటే వస్తుందిది."

"అయితే నా కాల్లోనూ ఉంటుందన్నమాట."

"ఖాయంగా."

"నేను పోయాక కోసి చూసుకో అమ్మా, నీకే రాసిస్తాను."

"అబ్బ, పొద్దున్నే ఏం మాటలక్కా!" అని నవ్వి, డాక్టరమ్మ దవడ ఎత్తి చూపించింది. పళ్ళ మీద అడ్డగీతలు మూడు. చిన్నతనంలో పళ్ళు తయారయ్యే ఈడులో ఆకలో, జబ్బో గట్టిగా పట్టుకుంటే పన్ను పెరగడం ఆగి, మళ్ళీ మొదలైనప్పుడు పడే గీత అది. వెన్నులో రెండు పూసలు కుంగి ఒకదాన్నొకటి అతుక్కున్నాయి. క్షయ.

"అయ్యో, ఎంత బాధపడిందో పాపం" అంది దారాలక్క.

"పాపం అనకు. జబ్బు గభాలున చంపేస్తే ఎముకకు తెలియనే తెలియదు. ఎముక మీద గుర్తు పడిందంటే ఆ జబ్బుతో ఏళ్ళు నెట్టుకొచ్చిందని. మూడుసార్లు చావబోయి మూడుసార్లూ లేచింది, నాలుగోసారి వంగిన వెన్నుతో పనిచేసింది. నలభై అయిదు దాటి బతికింది."

పై పళ్ళలో ముందు పన్ను అంచున సన్నటి నొక్కు ఉంది, అర్ధచంద్రంలా. డాక్టరమ్మ దాన్ని భూతద్దంలో అటూ ఇటూ తిప్పి, "ఇదేమిటో" అంది. దారాలక్క బ్రష్షు పక్కన పడేసి, పైపెదవి వేలితో ఎత్తి, తన పన్ను చూపించింది. అదే నొక్కు. అదే వైపు. దారం కొరికీ, సూది కరిచిపట్టుకునీ ముప్ఫై ఏళ్ళలో పడ్డది.

"అయితే ఈవిడదీ కుట్టుపనే అన్నమాట" అంది డాక్టరమ్మ, ఆ పన్నునీ ఈ పన్నునీ మార్చి మార్చి చూస్తూ.

ఆ తర్వాతి నెలలో పైపు పగిలింది. గదిలో చీలమండల దాకా నీళ్ళు. అందరూ పరిగెత్తుకొచ్చి ట్రేలు పైకి మోస్తుంటే, పైనుంచి పెద్దసారు, అంటే మ్యూజియం డైరెక్టరు, పొట్లం ఒకటి ఊపుతూ కేకేశాడు: "ఈ పూసలు ఎందులోవి?" దారాలక్క రెండు చేతుల్లో ట్రే పట్టుకుని ఉంది. చేతిలో ఉన్న నంబరే నోటికొచ్చింది. "ఇరవై రెండు!" అని అరిచింది. సాయంత్రం గుడ్డలు పిండుకుంటూ, పూసలు ఇరవై రెండువేనని రిజిస్టరులో సంతకం కూడా పెట్టింది.

పూసలు చిన్నవే గాని మంచివి, ఎర్రరాయివి, పదకొండు. పెద్దసారు వాటిని మఖమల్ పెట్టెలోకి మార్చి, ఖాళీ పొట్లాన్ని కింద గదిలో బ్రష్షులుండే డ్రాయరులో పడేశాడు. ఆయన మనసులో కొత్త హాలు ఉంది, హాలు నడిమధ్య గాజుపెట్టె ఉంది, పెట్టెలో పడుకోబెట్టడానికి తగిన మనిషి లేకపోవడమే ఇంతకాలం కొరత. పూసలు దొరకడంతో ఇరవై రెండో ట్రే ఆవిడ రాణి అయి, ఆ కొరత తీరిపోయింది. వారం తిరిగేసరికి 'రాణిగారి విశ్రాంతి' అని బోర్డు తయారైంది. ఆహ్వానాలు అచ్చయ్యాయి. డాక్టరమ్మ క్షయ అంది, ఆకలి గీతలంది, నొక్కు అంది. పెద్దసారు అన్నిటికీ సమాధానం పట్టుకొచ్చాడు. రాణులకు జబ్బులు రావా? నొక్కు అలంకారం కాకూడదా? పూసల మాటేమిటి మరి? పూసల దగ్గరికొచ్చేసరికి డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి, దారాలక్క సంతకం చూసి, మూసేసేది.

హాలు తెరవడానికి నాలుగు రోజులుందనగా దారాలక్క బ్రష్షు కోసం డ్రాయరు లాగింది. పూసలు తీసేసిన చిరిగిన పొట్లం చేతికి తగిలింది. దానికి దారం ఉంది. నీలం, మూడు ముళ్ళు.

ఇరవై రెండు పసుపు. నీలం మూడు ముళ్ళు ఇరవై ఒకటి.

ఇరవై ఒకటి ఆరేళ్ళ బిడ్డ. డాక్టరమ్మ ఆ ట్రే ముందు ఎన్నిసార్లో కూచుని చేతులెత్తేసింది. పళ్ళ మీద గీత లేదు, రక్తం చాలని పిల్లలకు కంటి గుంటల్లో పడే చిల్లుల్లేవు, వెన్ను నిటారు. వచ్చిన జబ్బేదో ఎముక దాకా చేరే తీరిక ఇవ్వకుండా ఎత్తుకుపోయింది. ఆ బిడ్డ గురించి చెప్పడానికి ఎముకల్లో ఒక్క ముక్క లేదు. మెళ్ళో పూసలేసిన చేతులు ఒకప్పుడున్నాయని చెప్పేవి ఆ పదకొండు పూసలే. వాటినే తన నోటితో ఊడదీసి ఇంకొకరికి తగిలించింది.

ఇంట్లో మొగుడు, రిటైరైన బస్సు డ్రైవరు, అరిగిన మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. సంగతంతా విన్నాడు.

"నోరు మూసుకుంటే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. హాలు తెరుస్తారు, ఫొటోలు తీసుకుంటారు."

"నోరు తెరిస్తే?"

"ఒకరివి ఇంకొకరితో కలిపేసినవాళ్ళు మళ్ళీ కడిగే గదిలో అడుగుపెట్టకూడదని రూలు. నా చేతుల మీదుగానే పోయింది కదా."

"ఈ వయసులో ఇంకెవరిస్తారే నీకు పని?"

"ఎవరూ ఇవ్వరు."

ఆయన కాలు చాపుకుని, "ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను. రేపు ఎవడో నన్ను తవ్వితీసి, కుడికాలు అరిగింది కాబట్టి వీడు నాట్యాచార్యుడు అంటే నాకు కోపమొస్తుంది" అన్నాడు. "పో. చెప్పి రా. అన్నం వండి ఉంచుతాను."

"మీరు వండితే ఉద్యోగం పోయిన బాధ దాని ముందు దిగదుడుపే" అంది గాని, ఆ రోజు మొదటిసారి నవ్వింది.

మర్నాడు పొద్దున పెద్దసారు గదిలో ముగ్గురు. దారాలక్క బల్ల మీద పొట్లం పెట్టి, నీళ్ళు నమలకుండా కుండ బద్దలుకొట్టినట్టు చెప్పింది. "తప్పు నాది. నేనే తప్పుగా అరిచాను, నేనే సంతకం పెట్టాను. పూసలు బిడ్డవి."

పెద్దసారు పొట్లాన్ని పెన్నుతో అటు తోశాడు. "దారం ముక్క సాక్ష్యమా?"

"దారం కాకపోతే మట్టి చూద్దాం సార్" అంది డాక్టరమ్మ. బల్ల మీది మఖమల్ పెట్టెలోంచి పూస ఒకటి తీసుకుని, బెజ్జంలోంచి సూదిమొనంత మట్టి తెల్లకాగితం మీద రాల్చింది. బూడిదరంగు. ఇరవై రెండో గుంతలో అంతా ఎర్రమట్టి. బూడిదమన్ను ఉన్నది బిడ్డ గుంత ఒక్కదాంట్లోనే.

ఆయన ఆ చిటికెడు మట్టిని చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదాయన. ఊళ్ళోవాళ్ళు మ్యూజియం గుమ్మం తొక్కాలని ఇరవై ఏళ్ళుగా తపించినవాడు. "అమ్మా, రాణిని చూడ్డానికి జనం వస్తారు. కుట్టుపని చేసుకునే ఆవిడని చూడ్డానికి ఎవరొస్తారు చెప్పు?"

"పొద్దున ఏడింటి బస్సులో నిలబడి వచ్చేవాళ్ళు ఎంతమందున్నారో మీకేం తెలుసు సార్? కార్లో వస్తారు మీరు."

"ప్రారంభం కానీ. ఆరు నెలల తర్వాత నెమ్మదిగా మారుద్దాం. నీ పేరు ఎక్కడా రాదు."

"ఆరు నెలలు ఆవిడ దొంగసొమ్ము వేసుకుని పడుకోవాలా?" దారాలక్క గొంతు లేచింది. "వంగిన నడుముతో కుట్టుకు తిన్నది సార్ ఆ మనిషి. ఆకలిని పంటికింద నొక్కి బతికింది. ఆ బతుకు తీసేసి సింహాసనం ఇస్తారా? ఎవరడిగారు? బిడ్డకి ఉన్నవే అవి, అవీ లాక్కుంటిరి. ఇందులో నా పాలు నేను ఒప్పుకున్నాను. మీ పాలు మీ ఇష్టం."

"రూలు తెలుసుగా. ఇది కాగితం మీద పెడితే నువ్విక కింద గదిలో..."

"తెలుసు. పెట్టండి."

"నేనూ ఆ బోర్డు కింద సంతకం పెట్టను సార్" అంది డాక్టరమ్మ, తలమీది కళ్ళజోడు దించి పెట్టుకుంటూ.

పెద్దసారు ఫోను వైపు చూశాడు, ఆహ్వానాల కట్ట వైపు చూశాడు, కాగితం మీది మట్టి వైపు చూశాడు. ఏదీ ఆదుకోలేదు.

దారాలక్క మఖమల్ పెట్టె తీసుకుని లేచింది.

"అవి నువ్వు ముట్టుకోకూడదు" అన్నాడాయన.

"మీరింకా రాయలేదుగా. రాసేదాకా ఈ చేతులు ఉద్యోగంలోనే ఉన్నాయి."

మెట్లు దిగింది. వెనకాల డాక్టరమ్మ, ఆ వెనకాల వద్దు వద్దంటూనే పెద్దసారు. ఇరవై ఒకటో ట్రే కిందికి లాగి, పదకొండు పూసలూ లెక్కపెట్టి, చిటికెన వేలంత ఉన్న మెడ ఎముకల పక్కన పొట్లంలో పెట్టింది. నీలం దారం కొత్తది తుంపి కట్టింది, మూడు ముళ్ళు. తర్వాత రిజిస్టరు తెరిచి, పాత వరుస మీద గీత కొట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో కింద రాసింది: 'ఇరవై రెండు అని చెప్పింది నేను. తప్పు. పూసలు ఇరవై ఒకటివి. ఇరవై రెండులో ఉన్నది కుట్టుపని చేసిన ఆడమనిషి.' సంతకం పెట్టింది. రిజిస్టరు తిప్పి పెద్దసారు ముందుకు జరిపింది.

"అధికారి సంతకం అని గడి ఉంది సార్. ఇక్కడ."

"ఈ సంతకంతో నీ పని పోతుందమ్మా."

"పోనీండి. పెట్టండి."

పైన కిటికీలో ఎవరివో కాళ్ళు ఆగి, మళ్ళీ సాగాయి. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీసేదాకా, తీసి రాసేదాకా, రాసిన సిరా ఆరేదాకా దారాలక్క అక్కణ్ణించి కదల్లేదు.