రోజుకో రంగుల పేజీ

మా సుజనక్క భర్త భూమేశ్ బావకు బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఫొటోల దుకాణం ఉండేది. నస్రుల్లాబాద్‌లో అన్నదమ్ములు వరి, చెరుకు చూసుకుంటుంటే, ఈయన బురద అంటని పని కావాలని కంప్యూటరు, రంగుల ప్రింటరు పెట్టుకున్నాడు. రెండువేల నాలుగో, ఐదో అప్పుడు.

ప్రింటరు చవకగానే వచ్చింది. కాట్రిజ్ ధర విన్నాకే బావ నోరెళ్లబెట్టాడు. నిజామాబాద్ నుంచి సీసా ఇంకు, మందుల దుకాణం నుంచి సిరంజి తెచ్చి, ఖాళీ అయిన కాట్రిజ్‌ను తానే నింపడం నేర్చాడు. వేళ్ల సందుల్లో నీలం, ఎరుపు, పసుపు ఎప్పుడూ ఉండేవి. "మా ఇంట్ల ఏడాదంతా హోలీనే" అని అక్క నవ్వేది. ఒకసారి ఎరుపు సరిగా దిగలేదు. తండా నుంచి వచ్చిన సోమ్లి తన ఫొటో చూసుకుని, "అన్నా, నాకు కామెర్లు గిట్ల అయినయా ఏంది?" అని అడిగింది. బావ నవ్వలేక, మళ్లీ తీసిచ్చాడు.

ఆ ఇంకుతో ఒకటే తిప్పలు. మిషన్ రెండు రోజులు ఊరికే ఉంటే ఇంకు ఎండి, కాట్రిజ్ కింది సన్నటి రంధ్రాలు మూసుకుపోయేవి. వేడినీళ్ల గుడ్డ మీద దాన్ని అదిమి గంటలకొద్దీ కూర్చోవాలి. అందుకని గిరాకి ఉన్నా లేకున్నా రోజూ అన్ని రంగుల గీతలతో ఒక పేజీ తీసేవాడు. పండుగనాడూ తీసేవాడు. పెళ్లికి పోతే చేయి కడుక్కోగానే బస్సు కోసం చూసేవాడు. నిజాంసాగర్ గేట్లు ఎత్తారని బజారంతా కదిలిపోయిన రోజున కూడా ఆయన దుకాణంలోనే ఉన్నాడు.

మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని చూపించుకుంటే, హైదరాబాద్‌లో చేరి గుండె పరీక్షలు చేయించుకోమన్నారు. ఎండలు తగ్గనీ, బడుల అడ్మిషన్లు అయిపోనీ అంటూ జరుపుతూ వచ్చాడు. చివరికి అక్క, "పేజీ నేను తీస్త, నువ్వు పో" అంది. ఏ రంగు తెగితే ఏ గీత విరుగుతుందో ఆమెకు మళ్లీ మళ్లీ చూపించి, నాతో బస్సెక్కాడు.

పరీక్ష రేపనగా, పొద్దున దవాఖాన మంచం మీంచే అక్కకు ఫోన్ చేశాడు.

"పేజీ తీసినవా?"

"తీసిన. పసుపు వస్తలేదు."

"మంచిగ చూసినవా?"

"చూసిన. నడుమ నడుమ తెగుతుంది."

బావ లేచి చొక్కా వేసుకున్నాడు.

"పండుకో బావా. గా మిషన్ ఏడికి పోతది?" అన్నాను.

"మిషన్ పోదు మధూ. గిరాకి పోతది. రేపు పోరగాండ్లు ఫొటోలకు వస్తరు. కొత్త కాట్రిజ్ కొంటే నెల కష్టం అండ్లనే పాయె."

నర్సు తిట్టింది. నేను చేయి పట్టుకున్నాను. బావ తన ఇష్టంతోనే పోతున్నానని సంతకం పెట్టి బయటికొచ్చాడు. దుకాణం చేరాక చెప్పులైనా విప్పకుండా వేడినీళ్లు అడిగాడు. పసుపు గీత తెగకుండా వచ్చాక, చాలాకాలానికి కడుపునిండా తిన్నాడు.

దవాఖానవాళ్లు మళ్లీ వచ్చే నెలకు తారీఖు ఇచ్చారు. ఆ తారీఖు రాకముందే, కౌంటరు దగ్గర నిలబడి ఫొటోలు కత్తిరిస్తూ కూలిపోయాడు.

"మంచిగనే వస్తుందని చెప్తే అయిపోతుండె గదరా" అంటుంది అక్క ఇప్పటికీ. ఎందుకు చెప్పలేదని నేనడగను. ఆ పొద్దున ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, కాగితాన్ని ఎండలోకి తీసుకుపోయి మరీ చూసిందట.