గంజి పెట్టిన ఫిల్టరు

తెల్ల ఫిల్టరు ప్యాకెట్టు చింపగానే వచ్చే కొత్త వాసనకు నాకిప్పటికీ యాదగిరి సారే గుర్తొస్తారు. నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండేవాళ్లకు మాస్కు తగిలించి, తెల్లవార్లూ గాలి ఊదే సీప్యాప్ యంత్రాలను కిరాయికి ఇచ్చే చిన్న దుకాణం ఆయనది, దిల్‌సుఖ్‌నగర్‌లో. డిగ్రీ అయిపోయి, పని దొరక్క గోళ్లు గిల్లుకుంటున్న రోజుల్లో ఆయన దగ్గర చేరాను. యంత్రాల గురించి నాకు తెలిసింది సున్నా. ఆయనకేమో యంత్రం కన్నా, గాలి లోపలికి వెళ్లే చోట ఉండే అగ్గిపెట్టెంత ఫిల్టర్లంటేనే పిచ్చి.

వాడి తీసిన ఫిల్టరును వెంటనే పారేయనిచ్చేవారు కాదు. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని, "గిది ఎసొంటి ఇంటిదో చెప్పు, సూద్దాం" అని నాకు పరీక్ష పెట్టేవారు. పసుపు రంగు దుమ్ముంటే ఇంటి కింద పిండిగిర్ని ఉన్నట్టు. దూది పోగులుంటే పక్కనే పరుపు చిరిగినట్టు. పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టి మగ్గం వదిలి వచ్చిన మనిషి కదా, పోగు కనిపిస్తే చాలు, వదలరు. ఉద్యమం రోజుల్లో ఏ ఇంటి ఫిల్టరు తీసినా నల్లగానే వచ్చేది. చౌరస్తాల్లో కాలిన టైర్ల పొగ అది. "తెలంగాణ కోసం మన ఫిల్టర్లు గూడ కొట్లాడుతున్నయ్" అని నవ్వేవారు. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ మాట ఎత్తితేనే నాన్న టీవీ కట్టేసేవారు. సార్ మాత్రం నా ముందు ఏ మాటా దాచుకోలేదు, ఏ మాటతోనూ నన్ను నొప్పించలేదు.

మన్సూరాబాద్‌లో ఉండే నర్సింహ అనే ఆయన పోచంపల్లి చీరల మూటలను వ్యానులో తెచ్చి దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు చేరవేసేవాడు. పగలు కూడా కునికిపాట్లు పడుతున్నాడని డాక్టరు ఈ యంత్రం రాశారు. మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెలలో ఆయన భార్య లక్ష్మమ్మ ఫోను చేసింది.

"మీ మిషన్ మీరు తీస్కపోండ్రి. నిన్న పెద్ద అంబర్‌పేట్ కాడ బండి నడుపుకుంటనే నిద్రవోయిండు. డివైడర్‌కు గుద్దిండు. జరంతల బతికిండు. ఇంకోపారి గిట్లయితే పనికే రావొద్దన్నడు సేటు."

ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. "పా, నడుద్దాం" అన్నారు సార్. మార్చాల్సి వస్తుందేమోనని ఇంకో యంత్రం సంచిలో పెట్టుకుని, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాటి నడిచాం. "మోటారు పోయిందేమో సార్" అని నేను, "సూద్దాం" అని ఆయన. దారి పొడుగునా అంతే.

నర్సింహ ఇంట్లో సార్ యంత్రాన్ని ముట్టుకోనైనా లేదు. "అమ్మా, దీనికి నువ్వు రోజూ ఏమేం జేస్తవో, జర చేసి సూపెట్టు" అన్నారు.

లక్ష్మమ్మ ఉత్సాహంగా బూడిద రంగు స్పాంజి తీసి కడిగి, పిండి, ఆరబెట్టింది. తర్వాత దాని వెనకున్న తెల్ల ఫిల్టరు తీసింది. "ఇది గూడ ఐతారం ఐతారం ఉతుకుత. ఉతికితే మెత్తగై లోపల నిలుస్తలేదు. గందుకే గంజి వెట్టిన" అంటూ సార్ చేతిలో పెట్టింది.

అది అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. సార్ దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదారు. అవతలికి గాలి రాలేదు. రాత్రుళ్లు నర్సింహకు గాలి సరిగా అందకనే పగలు నిద్ర ముంచుకొచ్చిందన్నమాట. నాకు నవ్వు వచ్చింది, వచ్చినంత వేగంగానే పోయింది. యంత్రం ఇచ్చిన రోజు ఆమెకు అంతా అప్పజెప్పింది నేనే. "ఫిల్టరు వారానికోసారి కడగాలండీ, అర్థమైంది కదా?" అన్నాను. ఫిల్టర్లు రెండని, కడగాల్సింది స్పాంజి ఒక్కటేనని, తెల్లదాన్ని కడక్కుండా నెలకోసారి పారేసి కొత్తది పెట్టాలని చెప్పలేదు. ఆమె తలూపింది. నేను వచ్చేశాను.

"గంజి మస్తు వెట్టినవమ్మా, మా అమ్మ గూడ గింత సక్కగ వెట్టకపోతుండె" అన్నారు సార్. "కానీ ఇది ఉతికేది కాదు, పారేసేది."

లక్ష్మమ్మ కూలబడిపోయింది. "అయితే నా మొగని పానం మీదికి నేనే తెచ్చిన్నా?"

"నువ్వు కాదు, మేం తెచ్చినం. నీకు సక్కగ చెప్పలే. తప్పు మాది" అన్నారు సార్, తడుముకోకుండా. అప్పుడు నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ సిగ్గు ఇంకా ఉంది నాకు.

కొత్త ఫిల్టరు పెట్టి, డాక్టరుకు చూపించుకుని ఆయన సరేననేదాకా బండి ముట్టుకోవద్దని నర్సింహకు చెప్పి బయటపడ్డాం. ఎల్బీనగర్ దగ్గర ఉండబట్టలేక అడిగాను. "ఆమెకు చెప్పింది నేను కదా సార్, మీరెందుకు మీద వేసుకున్నారు?"

"నువ్వు చెప్తుంటే నేను ఆడనే ఉన్న. ఆమె తలకాయ ఊపింది. నువ్వు ఖుషీ అయినవ్, నేను గూడ ఖుషీ అయిన. తలకాయ సూశినం గని, చేతులు సూడలే."

డాక్టరు సరేనన్నాక, నెల తిరక్కముందే నర్సింహ దుకాణానికి వచ్చాడు. "సార్, చౌటుప్పల్‌కెల్లి ఈడిదాంక ఒక్క కునుకు రాలే" అని చెప్పి, టీ కూడా తాగకుండా మూటలు దించడానికి పరుగెత్తాడు. సార్ ఆ పూటంతా హుషారుగా ఉన్నారు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇళ్లకు వెళ్లి యంత్రాలు పెట్టేది నేనే. "అర్థమైందా?" అన్న మాట పూర్తిగా మానేశాను. మొన్న ఎల్బీనగర్‌లో ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారికి రెండు ఫిల్టర్ల సంగతీ వివరంగా చెప్పాను. "భలేదానివమ్మా, ఇలాంటివి నేను పిల్లలకు చెప్పినవే" అన్నారాయన.

"అయితే ఒక్కసారి చేసి చూపించండి మాస్టారూ."

ఆయన నవ్వుతూ తెల్ల ఫిల్టరు చేతిలోకి తీసుకుని, తిన్నగా కుళాయి దగ్గరికి నడిచారు.

"ఆగండి మాస్టారూ, నేను చెప్పడంలోనే పొరపాటు" అంటూ వెనకే వెళ్లాను.