ఒక్క వేలి బేరం

కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో మనిషికి రెండు జబ్బులు పట్టుకుంటాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే లోకంలో తనకు తెలియనిదేమీ లేదనిపించడం ఒకటి. చిన్నప్పటినుంచి మనసులో దాచుకున్న కోరికలన్నీ ఒకటో తారీఖు సాయంత్రానికల్లా తీరిపోవాలనిపించడం రెండోది. నాకు రెండూ ఒకేసారి వచ్చాయి. అప్పుడు నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని (లెక్కల పంతులమ్మ అయ్యుండి ఒకటికీ నాలుగుకీ తేడా తెలియకుండా ఎలా మోసపోయానో మీరే చూద్దురుగాని). ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు.

నాకు పియానో వచ్చు. మామిడితోట కాపలాదారు కూతురికి పియానో ఎలా వచ్చిందని ఇప్పటికీ అడుగుతుంటారు. మా నాన్న కాపలా కాసే తోటకూ చర్చి కాంపౌండుకూ మధ్య ముళ్ళకంచె ఒక్కటే అడ్డం. ఆ కాంపౌండులో ఒక పెంకుటిల్లు, అందులో మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరుగారు, ఆవిడ ముందుగదిలో దొరల కాలం నాటి నల్లటి పియానో. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి పియానో టీచరుగారనే అనేవారు. నా ఎనిమిదో ఏట, కాయలిచ్చి రమ్మని అమ్మ పంపితే వెళ్ళి ఆ నల్లపెట్టె ముందు నిలబడిపోయాను. "చేతులు కడుక్కుని రా" అన్నారావిడ. రసాలు తిన్న చేతులు మరి. ఆ మాటతో మొదలైన పాఠం పద్నాలుగేళ్ళు సాగింది. ఆవిడకు ఒక సాయంకాలపు కీర్తనంటే ప్రాణం. పైన రాగం నడుస్తుంటే కింద మరో మూడు స్వరాలు దాన్ని పట్టుకుని నడుస్తాయి. కీళ్ళనొప్పులతో ఆవిడ వేళ్ళు వంకర్లు పోయాక, ప్రతి ఆదివారం సాయంత్రం ఆ కీర్తన నాచేత వాయించుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. అయిపోయాక "ఎడం చెయ్యి గట్టిగా కొడుతున్నావమ్మాయ్" అని ఒకే తప్పు పట్టేవారు. పద్నాలుగేళ్ళూ అదే తప్పు.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే, వానాకాలంలో పెంకులు కారి, చెక్కకు చెదలు పట్టి, పియానో మూగబోయింది. మీటలు కిందికి దిగుతాయి, పైకి లేస్తాయి, మధ్యలో జరగాల్సింది మాత్రం జరగదు. పూర్వం మద్రాసునుంచి ఒకాయన వచ్చి బాగుచేసి వెళ్ళేవాడట. ఆయన రావడం మానేసి చాలా ఏళ్ళయింది. టీచరుగారు మాత్రం రోజూ పొద్దున్నే ఆ పెట్టెను మెత్తటి గుడ్డతో తుడుస్తూనే ఉండేవారు. ఎండాకాలం మొదలయ్యేసరికి ఇంకో కబురు తెలిసింది. ఇంటి కప్పు పూర్తిగా దిగిపోయేలా ఉందని, కాయల సీజను అయ్యాక ఆవిడ బాపట్లలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. "వెళ్ళేలోపు ఒక్కసారి ఆ కీర్తన నిండుగా వినాలనుందే" అన్నారు, కంచె దగ్గర నిలబడి. నన్ను అడిగినట్టు కాదు, ఊరికే అన్నట్టు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

కొత్త పియానో కొనడం నా తరం కాదు. కరెంటుతో పలికే సింథసైజరైతే కొనగలను. నా బడ్జెట్టు మూడు నెలల జీతంలో ఇంట్లో ఇవ్వగా మిగిలింది. ఆ డబ్బుకి పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో వాడే మామూలు కీబోర్డు నిక్షేపంగా వస్తుంది. కానీ నేను పియానో మనిషినాయె. ఆ కీబోర్డుల్లో ఒక బొత్తాం నొక్కితే డోలు మోగుతుందనీ, ఇంకోటి నొక్కితే కుక్క మొరుగుతుందనీ, మీట ఎంత మెల్లగా నొక్కినా ఒకటే గొంతుతో అరుస్తుందనీ వాటి మీద నాకు చెప్పలేనంత చులకన. ఫోనులో వీడియోలు చూసి చూసి, చివరికి నల్లగా, చిన్నగా, నిండా శబ్దం మార్చే నాబులతో ఉన్న ఒక సింథసైజరు మీద మనసు పడ్డాను. వీడియోలో ఒకాయన కుడిచేత్తో వాయిస్తూ ఎడమచేత్తో నాబులు తిప్పుతుంటే, గుడి గంట నీళ్ళలోంచి మోగినట్టు గంభీరమైన శబ్దం. ఆయన రెండు చేతులతో ఎందుకు వాయించడం లేదన్న అనుమానం నాకు రాలేదు. అదొక స్టయిలనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు అప్పటికే మూడే కాళ్ళు.

విజయవాడలో ఒక షాపులో అదే సరుకు సెకండ్ హ్యాండులో ఉందని తెలిసింది. ఒక్కదాన్నే వెళ్తానంటే అమ్మ ఒప్పుకోక మావయ్యను తోడిచ్చింది. మా మావయ్య మామిడికాయల బ్రోకరు. పూత మీద తోట చూసి కాపెంతో చెప్పేస్తాడని మార్కెట్లో పేరు. బస్సెక్కగానే నాకు పాఠం మొదలుపెట్టాడు.

"ఏమే అమ్మాయ్, షాపులోకెళ్ళాక నీ మొహంలో ఏమీ కనపడకూడదు. నీకేది కావాలో దాని వంక ఆఖర్న చూడాలి. చూసినా ఇష్టం లేనట్టు చూడాలి."

"వాయించి చూడొద్దా మావయ్యా?"

"చూడు. ఒక్క వేలితో చూడు. కాయని రెండు చేతుల్తో పట్టుకున్నావంటే కొనేసినట్టే. అమ్మేవాడు ఇంక తగ్గడు. నేను ముప్ఫై ఏళ్ళబట్టి కాయని బొటనవేలితోనే చూస్తన్నాను, తెలుసా?"

షాపులో కుర్చీలో కూర్చున్న మనిషి మర్యాదస్తుడు. నేను పియానో నేర్చుకున్నానని చెప్పగానే, వద్దన్నా వినకుండా పెళ్ళిళ్ళ కీబోర్డే ముందు తెచ్చి పెట్టాడు. "మేడం, మీ బడ్జెట్లో ఇది తీసుకోండి, పియానో సౌండు కూడా ఉందండి" అన్నాడు. నేను ముక్కు చిట్లించాను (ఆ ముక్కుని ఇప్పటికీ క్షమించలేదు). ఆ తరువాత మావయ్య చెప్పినట్టే గోడకున్న గిటార్లు చూశాను, తబలాలు చూశాను, సీలింగు ఫ్యాను కూడా చూశాను. ఆఖరికి ఆ నల్లదాని దగ్గరికి వెళ్ళి, పనిలేక పలకరించినట్టు, ఒక్క వేలితో ఒక మీట నొక్కాను. ఆ శబ్దం నా అరికాళ్ళలోంచి వచ్చింది. ఒక్కో స్వరమే నొక్కుకుంటూ టీచరుగారి కీర్తనలో మొదటి వరుస మెల్లగా వాయించాను. రెండో చేయి తనంతట తనే లేచి మీటల మీదికి పోతుంటే మావయ్య దగ్గాడు. చేతిని వెనక్కి తీసుకుని చున్నీలో దాచుకున్నాను. నా జీవితంలో నేను అంత ఖరీదైన దగ్గు ఇంకోటి వినలేదు.

మావయ్య నాబులన్నిట్నీ తొడిమ దగ్గర కాయని నొక్కి చూసినట్టు చూసి, "సరుకు ఎన్నాళ్ళు నిలుస్తదండీ?" అని అడిగాడు. ఆ తరువాత భుజం మీది తువాలు తీసి షాపాయన చేతి మీద కప్పి, కిందనుంచి ఆయన వేళ్ళు పట్టుకున్నాడు. మా మార్కెట్లో ధర నోటితో చెప్పరు, పక్కవాడికి తెలియకుండా తువాలు కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు. పాపం ఆయనకేం తెలుసు. "ఏవండీ, చెయ్యి వదలండి" అని బెదిరిపోయాడు. ఆ బెదురులోనే కాస్త తగ్గించాడు కూడా. మావయ్య దాన్ని ఇప్పటికీ తన గెలుపుగానే చెప్పుకుంటాడు. మామిడికాయల అట్టపెట్టెలో వరిగడ్డి వేసి, దాన్ని పసిబిడ్డలా పడుకోబెట్టి బస్సెక్కించాం. "రసాలా, బంగినపల్లా?" అన్నాడు కండక్టరు. "సంగీతం" అన్నాడు మావయ్య గర్వంగా.

ఆదివారం సాయంత్రం చర్చివాళ్ళ స్పీకరు అడిగి తెచ్చి, టీచరుగారి ముందుగదిలో మూగబోయిన పియానో పక్కనే బల్ల మీద దాన్ని అమర్చాను. టీచరుగారు ఉతికిన తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని కూర్చున్నారు. చేతులు కడుక్కుని వచ్చాను. రెండు చేతులూ ఎత్తి, కీర్తన మొదటి స్వరాలు నాలుగూ కలిపి నొక్కాను.

ఒక్కటే పలికింది. వైరు ఊడిందనుకుని సరిచేసి మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఒక్కటే, అదీ ఈసారి వేరేది. ఏ వేలు ఆఖర్న తగిలితే ఆ స్వరం పలికి, మిగతా మూడూ నోరు మూసుకుంటున్నాయి. "కరెంటు తక్కువేమోనే" అన్నాడు మావయ్య. షాపుకి ఫోను చేస్తే ఆయన శాంతంగా చెప్పాడు.

"అది అంతేనండి మేడం. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. మీరు ఇక్కడ ఒక్క వేలితోనే చూశారు కదా, తెలిసే కొంటున్నారనుకున్నాను."

"వెనక్కి తీసుకుంటారా అండీ?" అన్నాను.

ఆయన జవాబు చెప్పేలోపే మావయ్య తల అడ్డంగా ఊపాడు. కాటా దిగిన కాయ వెనక్కి పోదని ముప్ఫై ఏళ్ళుగా రైతులందరికీ చెప్పినవాడు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు. మెల్లగా లేచి, తువాలు దులుపుకుని, వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. నేను ఫోను పెట్టేసి టీచరుగారి మొహం చూడలేక నాబుల్లో ఇరుక్కున్న గడ్డిపరకలు ఏరుతూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. డబ్బు పోయినందుకు కాదు. ఆవిడ తల దువ్వుకుని కూర్చున్నందుకు.

కాసేపటికి గదిలో నవ్వు వినపడింది. టీచరుగారు నవ్వుతున్నారు. పియానో మూగబోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. "ఒక్క వేలితో చూశావా" అని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ "పద్నాలుగేళ్ళు నేర్పితే ఒక్క వేలితోనా" అని నవ్వారు. నవ్వు ఆగాక లేచి, ఆ పాత పియానో ముందు స్టూలు లాక్కుని కూర్చుని మూత తెరిచారు.

"పై రాగం నువ్వు వాయించు. అది ఒకసారికి ఒకటేగా పలికేది. మిగతావి నేను చూసుకుంటాను."

"అది మోగదు కదండీ టీచర్ గారూ."

"నాకు తెలీదా. నువ్వు మొదలుపెట్టు."

నేను కుడిచేత్తో రాగం ఎత్తుకున్నాను. ఆవిడ వంకర్లు పోయిన వేళ్ళతో మిగతా మూడు స్వరాలూ ఆ మోగని మీటల మీద వాయించారు. టక్, టక్ మని చెక్క చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆ వేళ్ళు అంతకాలం తరువాత మీటల మీద పడడం చూస్తుంటే నాకు వాయించడం కష్టమైంది. రెండో చరణానికల్లా ఆ చప్పుళ్ళ కింద ఏ స్వరం ఉండాలో నా చెవికి తెలిసిపోయింది. మూడో చరణంలో అన్నీ వినపడ్డాయి. నిజంగానే వినపడ్డాయి. వరండాలో మావయ్య కూడా ఇటు తిరిగి నిలబడ్డాడు. అయిపోయాక ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా వైపు తిరిగి, "ఎడం చెయ్యి గట్టిగా కొట్టానా?" అని అడిగారు. కాస్త గట్టిగానే కొట్టారని చెప్పాను.

కాయలైపోయాయి, ఆవిడ బాపట్ల వెళ్ళిపోయారు. ఆ పియానోను ఎవరూ కదపలేకపోయారు. రెండేళ్ళకు ఆవిడా లేరన్న కబురొచ్చింది. ఆ నల్ల సింథసైజరును చర్చి కుర్రకారుకి ఇచ్చేశాను. క్రిస్మస్ నాటకంలో దేవదూత దిగేటప్పుడు దానితో శబ్దం చేస్తారు.

ఈమధ్య అసలు పియానోలాగే మీటలు బరువుగా దిగే డిజిటల్ పియానో కొన్నాను. షాపులోకి వెళ్ళగానే మొహమాటం లేకుండా పది వేళ్ళూ ఒకేసారి దించాను. ఒకసారికి ఎన్ని స్వరాలు పలుకుతాయని ఆ సేల్స్ కుర్రాణ్ణి నాలుగుసార్లు అడిగాను, కాగితం మీద రాయించుకున్నాను కూడా. మావయ్య ఫోనులో విని, "రెండు చేతులూ వేశావా, ఇంకేం తగ్గిస్తాడు" అని విచారపడ్డాడు. దాని మీద ఆ కీర్తన వాయిస్తే నాలుగు స్వరాలూ పాలల్లో పంచదారలా కలిసిపోయి పలికాయి. ఒక్క తప్పూ లేదు. ఏదో తక్కువైనట్టుంది. అప్పటినుంచి ఆదివారం సాయంత్రాలు శబ్దం పూర్తిగా తగ్గించేసి, కింది స్వరాలు మాత్రం వాయిస్తుంటాను. టక్, టక్ మంటుంది. మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, "ఏంటి, పాడైందా? అంత డబ్బు పోసి కొన్నావ్" అంటారు.

"లేదండీ, బాగానే ఉంది" అంటాను. ఎడం చెయ్యి మాత్రం ఇంకా గట్టిగానే పడుతోంది.