సిస్టరక్క దవాఖానలో నేనేసిన కొసరు

జనగామ కొత్తగా జిల్లా అయిన ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. చేతిలో ఫార్మసీ పట్టా, మనసులో నాకు తెలియనిది ఈ లోకంలో లేదన్న గట్టి నమ్మకం. (పట్టా ఇప్పటికీ భద్రంగా ఉంది.) మాది కిరాణా వ్యాపారం. బాపు కాటా పక్కనే కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని. మా బజారు వ్యాపారులంతా కలిసి నెలనెలా మందులు కొని మూడు ఉచిత దవాఖానలకు పంపేవారు. బచ్చన్నపేట వైపు ఒకటి, చెల్పూర్ అవతల ఒకటి, డోర్నకల్ దగ్గర ఒక తండాలో ఒకటి. వాటిని చేర్చడానికి మనిషి కావాలన్నప్పుడు బాపు నన్ను చూపించాడు. "మా బిడ్డ సదివిందే మందుల సదువు. ఇంట్ల కూసోని ఏం జేస్తది, పంపుతా" అన్నాడు. అలా నా మొదటి ఉద్యోగం మొదలైంది.

మొదటిసారి పోయింది డోర్నకల్ దగ్గరి తండాకే. అక్కడ దవాఖాన నడిపే నర్సును అందరూ సిస్టరక్క అనేవారు. సన్నటి మనిషి, మాట మాత్రం మొల కొట్టినట్టు ఉండేది. ఎవరికి ఎన్ని గోలీలో ఆమె ముందే చీటీ రాసి పంపితే మా వాళ్లు సరిగ్గా అన్నే కొనేవారు. మిగిలితే గడువు దాటి పాడవుతాయని ఆమె భయం. ఆ రోజు లోపల ఎవరికో కాలి పుండుకు కట్టు కడుతూ, "చీటీల ఉన్నన్ని ఇయ్యి. గంతే" అని మందుల బల్ల నాకు అప్పగించింది.

వరుసలో ముందున్న అవ్వకు మూర్ఛ గోలీలు. షీటుకు పదిహేను, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున నెలకు నాలుగు షీట్లు. ఇచ్చాను. అవ్వ తీసుకుని కదలకుండా నిలబడింది. "ఏందవ్వా?" అంటే, "గింతేనా, బిడ్డా?" అంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పప్పు తూచాక గిరాకి కాటా వైపు చూసే చూపు అది. బాపు అప్పుడు గుప్పెడు పప్పు మీద వేయకుండా ఏనాడూ పొట్లం కట్టలేదు. నా చేయి దానంతటదే డబ్బాలోకి పోయి ఇంకో షీటు తీసి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ నా తల నిమిరి, "సల్లగుండు" అంది. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? బీపీ వాళ్లకు కొసరు, షుగరు వాళ్లకు కొసరు. వరుస వరుసంతా నవ్వు మొహాలే. ఊరి వాళ్ల సొమ్ముతో నేను దానకర్ణుడికి చెల్లెలినైపోయాను.

మధ్యాహ్నం పత్తి చేను నుంచి ఒక నాయిన తన ఏడేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల జుట్టులో ఇంకా దూది ఉంది. చీటీలో మూర్ఛ గోలీలని ఉంది. డబ్బాలో చేయి పెడితే అట్ట అడుగు తగిలింది. బీపీ, షుగరు డబ్బాల్లో వచ్చే నెలవి కూడా ఉన్నాయి కాబట్టి నా ధర్మగుణాన్ని తట్టుకున్నాయి. ఈ డబ్బా అయిదుగురికి సరిగ్గా ఇరవై షీట్లది. నేను నలుగురికే అయిదేసి ఇచ్చాను.

సిస్టరక్క వచ్చి ఖాళీ డబ్బా చూసింది, నన్ను చూసింది. "గివి బెల్లం, చింతపండు అనుకున్నవా కొసరెయ్యనీకి? అవ్వకిచ్చింది నీ గోలి గాదు, గీ పిల్ల గోలి" అంది. నాయిన నా మీద కోపం చేయలేదు. పిల్ల చొక్కా చేయి పైకి మడిచి, "పోయినేడు గోలీలు దొరక్క రెండు దినాలు ఆగినం, అక్కా. పొయ్యి మీద పడ్డది" అని కాలిన మచ్చ చూపించాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "వరంగల్ పోయి తెస్త" అన్నాను. "నువ్వు పోయి వచ్చేదాక మూర్ఛ ఆగుతదా? పొద్దటి గోలి గూడ ఏసుకోలే. ఇచ్చినకాడికే పోయి అడుక్కో" అంది సిస్టరక్క.

నాయిన బండి మీద, ముందు పిల్లను కూర్చోబెట్టుకుని బయలుదేరాం. వేసిన కొసరు వాపసు అడిగిన మనిషి మా వంశంలో నాకు ముందు లేరు. అవ్వ షీట్లన్నీ కొంగున ముడేసుకుంది. "ఇచ్చినంక గుంజుకుంటరా, సేటు బిడ్డా?" అని గట్టిగానే అడిగింది. నాయిన తండా భాషలో ఏదో చెప్పాడు. అవ్వ పిల్లను చూసి కొంగు ముడి విప్పింది. తనే చెంబుతో నీళ్లు తెచ్చి మొదటి గోలి మింగించింది. అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు. తర్వాతి రెండిళ్లలో అడగగానే ఇచ్చారు. నాలుగో ఇంట్లో కొసరు షీటుకు రెండు గోలీలు తక్కువ. "తలకాయ నొస్తుందంటే మా బామ్మర్దికి ఇచ్చిన. మస్తుగ నిద్రబట్టింది" అన్నాడు ఆ ఇంటాయన సంతోషంగా. బామ్మర్ది మంచం మీద గురక పెడుతున్నాడు. సిస్టరక్కకు ఫోన్ చేస్తే, "పండనియ్యి, నేనొచ్చి సూస్త. పిల్లకు ఒక దినం తక్కువైతయి. వచ్చే నెల నువ్వు ఒక దినం ముందే రా" అంది. వెళ్లాను, రెండు రోజుల ముందే.

ఇప్పుడు మూడు దవాఖానల మందులూ నా చేతి మీదుగానే పోతాయి. "ఆ మేడం చేతిల ఒక్క గోలి ఎక్కువ రాలదు" అని మూడు జిల్లాల్లో చెప్పుకుంటారు. ఆ మాట నాకు బిరుదే. దూది జుట్టు పిల్ల ఈ మధ్యే పది పాసైంది. ఆనాటి నుంచి ఒక్క పూట గోలి తప్పలేదు. ఈ పని నాకు బాగా వచ్చు, అందులో అనుమానం లేదు. కానీ "సల్లగుండు" అని నా తల నిమిరినవాళ్లు మాత్రం తర్వాత ఎవరూ లేరు. ఒక్కోసారి గోలీలు లెక్కపెడుతూ, ఆ పూట అంత ధీమాగా తప్పు చేసిన ఆ ఇరవై రెండేళ్ల నన్ను తలుచుకుని నవ్వుకుంటాను. కొంచెం అసూయ కూడా పడతాను.